హిమసీమలోని దాయాదులు

మన భాషలో కుక్కకు గ్రామసింహమను పేరు కలదు. తోడేలునకు అట్టి గౌరవనామమేదియు లేదు. పిల్లల కథలలో అది ఏటి ఒడ్డున మేకపిల్లతో లేనిపోని తగవు పెట్టుకొని దానిని పొట్టన బెట్టుకొను దుష్టమృగము. మహాభారతమున ఈ రెండు జంతువులకును చోటు కలదు. భీమసేనుని ఆకలికి ఉపమానము తోడేలు. అందుచే అతడు వృకోదరుడైనాడు. ధర్మరాజు వెంట స్వర్గద్వారము వరకు నడచినది శునకము. దానిని విడిచి రథమెక్కుటకు ఆయన అంగీకరించలేదు. తీరని ఆకలి ఒకచోట, వీడని తోడు వేరొకచోట. ఒకే వంశవృక్షమునుండి చీలిన రెండు కొమ్మలకు మన పూర్వులు ఇట్లు రెండు స్థానములు కల్పించిరి.

అయితే ఈ రెండు కొమ్మలను కంటితో వేరుపరచుట కష్టమనిపించు జంతువొకటి కలదు. నిక్కబొడుచుకొన్న చెవులు, కోసుగా సాగిన మూతి, దట్టమైన బూడిదవన్నె బొచ్చు, మెడ పైకి చాచి దీర్ఘముగా ఊళపెట్టు అలవాటు, ఇన్ని లక్షణములు గల సైబీరియా హస్కీని చూచినవారు "ఇది తోడేలే" అందురు. కొందరు మరియొక అడుగు ముందునకు వేసి, మంచుదేశములవారు తోడేళ్లను పట్టి మచ్చిక చేసి బండ్లకు కట్టుకొందురనియు, హస్కీ సగము తోడేలనియు నిశ్చయముగా చెప్పుదురు. ఈ మాటలో నిజమెంత, కల్పనయెంత అను విషయమును ఈ ప్రసంగమున విచారింప దలచితిమి. ఇది పొద్దుపుచ్చుటకై వేసిన ప్రశ్న కాదు. తోడేలును కుక్కయని నమ్మి ఇంట పెంచినను, కుక్కను తోడేలని భయపడి తరిమినను మొదట నష్టపడునది ఆ మూగజీవము. ఒక్కొక్కప్పుడు ఆ ఇంటి పసిబిడ్డ.

ముందుగా పోలికలు చెప్పుకొందము. తోడేలునకును హస్కీకిని పండ్లు 42. జీవకణములలోని క్రోమోసోములు 78. గర్భధారణ కాలము రమారమి 63 దినములు. ఈ రెండు జంతువులు కలిసినచో పిల్లలు పుట్టును. ఆ పిల్లలకును మరల సంతానము కలుగును. 1758లో స్వీడను దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ జంతువుల పట్టికను ప్రకటించినప్పుడు కుక్కను, తోడేలును రెండు వేర్వేరు జాతులుగా లెక్కించెను. కుక్కకు ఆయన చెప్పిన గుర్తులలో పైకి వంపు తిరిగిన తోక ఒకటి. 1993లో ప్రపంచ క్షీరదముల పట్టికను కూర్చినవారు కుక్కను తోడేలులోని ఒక ఉపజాతిగా చేర్చిరి. మరల దానిని వేరు జాతిగా నిలుపుటయే మేలని వాదించువారు తరువాత బయలుదేరిరి. పేరును గూర్చిన ఈ వాదము ఎటు తేలినను, కుక్క పుట్టినది ప్రాచీనకాలపు తోడేలునుండియే అను విషయమున నేడు భేదాభిప్రాయము లేదు.

ఒకప్పుడు ఈ విషయము కూడ ఇంత స్పష్టముగా లేదు. జంతువుల నడవడిని పరిశీలించుటలో ప్రసిద్ధుడైన ఆస్ట్రియా దేశీయుడు కొన్రాడ్ లోరెంజ్, గత శతాబ్ది మధ్యకాలమున, కుక్కలలో అధికభాగము నక్కనుండి పుట్టినవనియు, హస్కీవంటి ఉత్తరదేశపు కుక్కలలో మాత్రము తోడేలు రక్తము హెచ్చుగా నున్నదనియు వ్రాసెను. ఆయన గ్రంథములు మిక్కిలి జనాదరణ పొందినవి. ఆయనయే తదుపరి కాలమున ఆ ఊహను విడిచిపెట్టెను. కాని లోకములో ఒకసారి నాటుకొన్న మాట అంత సులభముగా ఊడిరాదు. అంతకు పూర్వమే, 1903లోను 1906లోను, జాక్ లండన్ రచించిన రెండు నవలలు మంచునాటి కుక్కలో ఏ క్షణముననైనను తోడేలు మేల్కొనగలదను భావమును దేశదేశముల పాఠకుల మనస్సులలో నిలిపినవి. నేటికిని హస్కీని చూచి మనము అనుకొను మాటలలో సగము ఆ నవలల చలువయే.

ఇక శరీరమునందలి భేదములు. ఉత్తరదేశములలోని మగ తోడేలు సాధారణముగా 40 కిలోలకు పైబడి తూగును. మగ హస్కీ 20 మొదలు 27 కిలోలు, ఆడది 16 మొదలు 23 కిలోలు మాత్రమే. తోడేలు కాళ్లు పొడవు, ఛాతి ఇరుకు, పాదములు పెద్దవి. పుర్రెయు, పండ్లును, దవడ బలమును హస్కీకంటె మిక్కిలి అధికము. పెద్ద మృగముల ఎముకలను కొరుకవలసిన నోరు గదా. తోడేలు తోక తిన్నగా క్రిందికి వ్రేలాడును. హస్కీ తోక కొడవలివలె వీపుపైకి వంగును. పడుకొన్నప్పుడు హస్కీ ఆ తోకనే ముక్కుపై కప్పుకొని మంచుగాలిని ఆపుకొనును. తోడేలు కన్నులు పసుపు లేక తేనె వన్నెలో నుండును. దాని కూనలకు పుట్టుకతో నీలికన్నులున్నను కొలది వారములలో ఆ రంగు మారిపోవును. నీలికన్నుల తోడేలని ఎవరైన చూపినచో అది చాలవరకు కుక్కయే. హస్కీలలో నీలి కన్నులును, గోధుమవన్నె కన్నులును, ఒకటి నీలి ఒకటి గోధుమగా నున్నవియు కలవు. ఈ నీలివన్నెకు ఒకానొక క్రోమోసోములోని చిన్నభాగము రెండింతలగుటతో సంబంధమున్నదని 2018లో వెల్లడియైనది.

జీవితక్రమమున భేదము ఇంతకంటె గాఢమైనది. ఆడ తోడేలు ఏడాదికి ఒక్కసారి, చలికాలము చివర మాత్రమే జతగూడును. ఆడకుక్కకు సాధారణముగా ఏడాదికి రెండుమారులు ఆ కాలము వచ్చును. తోడేలు ఈడునకు వచ్చుటకు రమారమి రెండేండ్లు పట్టును. కుక్కకు ఒక ఏడాదియైన పట్టదు. తోడేళ్ల మంద యన ఏదో దొంగల ముఠా యని మనము తలచుచుందుము. నిజమునకు అది ఒక కుటుంబము. తల్లి, తండ్రి, వాటి గత సంవత్సరముల సంతానము కలిసి యుండును. తండ్రి దూరమునుండి వేటమాంసమును పొట్టలో పెట్టుకొనివచ్చి కూనల ముందు కక్కి తినిపించును. కొత్తకూనలను పెంచుటలో అన్నలును అక్కలును పాలుగొందురు. బోనులలో కలిపి పెట్టిన పరాయి తోడేళ్ల కలహములను చూచి, మందలో ఎల్లప్పుడు అధికారమునకై పోరు సాగుచుండునని 1947లో ఒక పరిశోధకుడు వ్రాసెను. అడవిలోని మందలను ఏండ్లతరబడి అనుసరించిన డేవిడ్ మెక్ 1999లో ఆ అభిప్రాయమును సరిదిద్ది, మందకు పెద్దలన తలిదండ్రులే యని స్పష్టపరచెను. మగకుక్కలో ఈ పితృధర్మము దాదాపు అడుగంటినది. పిల్లలను సాకుటలో తండ్రి స్థానమును మనిషి ఆక్రమించెనని చెప్పవచ్చును.

ఇంతటి భేదము ఎప్పుడు ఏర్పడినది? జర్మనీలో బాన్ నగరమునకు సమీపమునగల ఓబర్‌కాసెల్ అనుచోట 1914లో ఒక రాతిగని కూలీలకు పురాతనమైన సమాధి కనబడెను. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్క ఎముకలుండెను. వాటి వయస్సు రమారమి 14,000 సంవత్సరములు. 2018లో ఆ కుక్క పండ్లను పరీక్షించినవారు, అది ఏడు నెలలయినను నిండని పిల్ల యనియు, మరణమునకు ముందు కొన్ని వారములపాటు కుక్కలకు వచ్చు తీవ్రమైన జ్వరముతో బాధపడినదనియు నిర్ణయించిరి. అట్టి జబ్బులో ఉన్న కుక్కపిల్ల వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. ఎవరో దానిని శుభ్రపరచి, నీరు త్రాగించి, వెచ్చగా ఉంచనిదే అన్నినాళ్లు బ్రదికియుండదు. వ్యవసాయము పుట్టకముందే, కుండ కాల్చుట ఆ దేశమునకు తెలియకముందే, రోగియైన కుక్కపిల్లకు సేవచేసిన మనిషి పుట్టియుండెను. తోడేలునకును కుక్కకును నడుమ గీత ఎక్కడ గీయవలెనని అడిగినచో మేము ఈ సమాధిని చూపుదుము.

హస్కీ పూర్వచరిత్ర ఇంకను ఉత్తరమున, సైబీరియాకు పైన మంచుసముద్రములోని జోహోవ్ అను చిన్నద్వీపమున దొరికినది. రష్యా పురావస్తు పరిశోధకుడు వ్లదిమీర్ పితుల్కో 1989 మొదలు అక్కడ త్రవ్వకములు సాగించెను. 9,000 సంవత్సరములకు పైబడిన ఆ నివాసములో ధ్రువపు ఎలుగుబంట్ల ఎముకలు, దుప్పుల ఎముకలు, జారుడుబండి చట్రపు భాగములు, కుక్కల ఎముకలు బయల్పడినవి. అక్కడి పనిముట్లలో కొన్ని అగ్నిపర్వతములనుండి పుట్టిన గాజురాతితో చేసినవి. ఆ రాయి రమారమి 1,500 కిలోమీటర్ల దూరమునుండి వచ్చినదని తేలెను. గుర్రము లేదు, ఎద్దు లేదు, చక్రము పుట్టలేదు. అంతదూరము మనుషులను, సరకులను కలిపినది కుక్కబండ్లేయని ఆ పరిశోధకులు భావించిరి. ఆ కుక్కల పుర్రెలను కొలిచి, వాటిలో అధికభాగము 16 మొదలు 25 కిలోల తూకము కలవని వారు 2017లో ప్రకటించిరి. మన శ్రోతలు ఇంతకుముందు చెప్పిన నేటి హస్కీ తూకమును జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. ఆ తూకము యాదృచ్ఛికము కాదు. అంతకంటె చిన్నదైన కుక్కకు బండిలాగు సత్తువ చాలదు. అంతకంటె పెద్దదైన కుక్క పరుగులో పుట్టిన ఒంటివేడిని త్వరగా బయటికి పంపలేక అలసిపోవును.

జోహోవ్ కుక్క ఎముకలోని వంశలక్షణములను 2020లో శాస్త్రజ్ఞులు చదివిరి. నేటి గ్రీన్‌లండు కుక్కలును, హస్కీలును దానికి దగ్గరి చుట్టములని తేలెను. గ్రీన్‌లండు కుక్కలలో ఆ చుట్టుపట్ల తిరుగు అమెరికా తోడేళ్ల రక్తము కలిసిన గుర్తు చెప్పుకోదగినంత కనబడలేదు. అనగా 9,000 సంవత్సరములకు ముందే బండికుక్క యను ప్రత్యేకమైన వంశము వేరుపడి నిలిచినది. పక్కనే తోడేళ్లు తిరుగుచున్నను తన దారిన తాను పోయినది.

న్యాయము కోరువారు రెండవ పక్షమును గూడ వినవలెను. 2015లో సైబీరియాలోని తైమీర్ ద్వీపకల్పమున దొరికిన 35,000 సంవత్సరముల నాటి తోడేలు ఎముకను పరిశీలించినవారు, ఆ లోపించిపోయిన తోడేలు వంశమునుండి కొంతభాగము సైబీరియా హస్కీకిని, గ్రీన్‌లండు కుక్కకును సంక్రమించినదని కనుగొనిరి. కావున హస్కీలో తోడేలు అంశ కొంత ఇతర కుక్కలకంటె హెచ్చన్నచో పూర్తిగా అబద్ధము కాదు. కాని ఆ తోడేలు నేటి అడవులలో తిరుగుచున్న తోడేలు కాదు; అది ఏనాడో భూమిమీద మాసిపోయినది. ముత్తాతకు ముత్తాత తెచ్చిన ఆస్తిలో ఒక చిన్నపాలు మిగిలియున్నంత మాత్రమున మనుమడు ఆ ముత్తాత కాజాలడు.

ఆహారమున కూడ ఈ దాయాదుల కథ విచిత్రముగా నడచినది. అన్నము, రొట్టె మొదలగువానిలోని పిండిపదార్థమును అరిగించుకొనుటకు కావలసిన జన్యువు తోడేలులో రెండే ప్రతులుండును. రైతుల ఊళ్లలో పెరిగిన కుక్కలలో అది పెక్కురెట్లు హెచ్చినదని 2013లో తెలిసెను. మన వీధికుక్క గంజిమెతుకులతో బ్రదుకగలుగుట ఈ మార్పుచేతనే. పంటలులేని మంచుసీమలోని హస్కీకి ఆ మార్పు అంతగా అవసరపడలేదు. అది సీలు కొవ్వును, చేపలను తిని పెరిగినది. అందుచే కొవ్వును సత్తువగా మార్చుకొను శక్తి దానిలో వృద్ధిపొందినది. కనుక ఈ ఒక్క విషయమున హస్కీ పల్లెకుక్కకంటె తోడేలునకు దగ్గరగా నున్నది. పోలిక రక్తసంబంధమువలననే రానక్కరలేదు. ఒకే నేల, ఒకే చలి, ఒకే తిండి గూడ పోలికను నిలుపును.

ఇప్పుడు మనము సైబీరియా హస్కీ యని పిలుచు కుక్క ఈశాన్య సైబీరియాలోని చుక్చీ జనుల సొత్తు. వారిలో కొందరు రెయిన్‌డీరు మందలను మేపుకొనువారు. సముద్రతీరమున నుండువారు సీళ్లను, వాల్రసులను వేటాడువారు. గడ్డకట్టిన సముద్రముమీద దూరము పోయి, వేటాడి, మరల ఇల్లు చేరవలెను. అందుకు బలిష్ఠమైన కుక్క అక్కరలేదు. కొంచెము తిని, తేలికపాటి బరువును, అలయక, దినమంతయు లాగు కుక్క కావలెను. తోటి కుక్కలతో కొట్లాడనిదియు, మనిషిపై పండ్లు చూపనిదియు కావలెను. ఒక్క పొగరుబోతు కుక్కవలన మంచు నడిమధ్య బండి నిలిచిపోయినచో మనుషుల ప్రాణములకే ముప్పు. తరతరములుగా ఈ గుణములు గలవానిని మాత్రమే పిల్లలకై నిలుపుకొనుచు వచ్చిరి. తోడేలును కుక్కగా మార్చిన ఎంపిక ఇదియే. చుక్చీలు దానిని తమ అవసరమునకు అనుగుణముగా కొనసాగించిరి.

ఎంపిక ఒక్కటే ఇంతపని చేయునా యను సందేహము కలుగవచ్చును. 1959లో సైబీరియాలోని నొవొసిబిర్స్క్‌లో ద్మీత్రి బెల్యాయెవ్ అను శాస్త్రజ్ఞుడు వెండివన్నె గుంటనక్కలపై ఒక ప్రయోగమును ప్రారంభించెను. ప్రతి తరమునందును మనిషిని చూచి భయపడనివానిని మాత్రమే ఎన్నుకొని వాటి సంతానమును పెంచిరి. రంగు చూడలేదు, రూపు చూడలేదు. కొలది తరములలోనే ఆ నక్కలు తోక ఆడించుచు మనుషుల చెంతకు వచ్చుట మొదలిడినవి. ఆపై కొన్నింటికి వంపుతోకలు, వ్రేలాడు చెవులు, తెల్లమచ్చలు గూడ వచ్చినవి. సౌమ్యతను కోరి ఎన్నుకొనగా రూపము దానంతట మారినది. లిన్నేయస్ గుర్తించిన వంపుతోక వెనుక ఉన్న రహస్యము ఇట్టిదే కావచ్చును.

హస్కీ లోకప్రసిద్ధమగుటకు కారణము అలాస్కాలోని నోమ్ అను బంగారుగనుల పట్టణము. అక్కడ 1908 మొదలు 408 మైళ్ల కుక్కబండ్ల పందెము నడచెడిది. రష్యా దేశమునుండి వచ్చిన విలియం గూసాక్ అను బొచ్చుతోళ్ల వర్తకుడు సైబీరియా కుక్కల జట్టును తెచ్చి 1909 పందెమునకు పంపెను. అలాస్కాలోని భారీ కుక్కల పక్కన అవి ఎంత చిన్నవిగా కనబడెననగా, జనులు వాటిని సైబీరియా ఎలుకలని ఎగతాళి చేసిరి. ఆ ఎలుకలు మూడవ స్థానమున వచ్చినవి. అదే ఏడు ఫాక్స్ మాల్ రామ్సే అను స్కాట్లండు యువకుడు సైబీరియానుండి పెక్కు కుక్కలను కొనితెచ్చెను. 1910 పందెములో ఆయన జట్టులలో ఒకదానిని తోలిన జాన్ జాన్సన్ 74 గంటల 14 నిమిషములలో ప్రథముడుగా వచ్చెను. ఆ పిమ్మట ఎగతాళి వినబడలేదు. నార్వేలో పుట్టి నోమ్‌లో స్థిరపడిన లియోనార్డ్ సెప్పలా ఆ కుక్కలతోనే 1915, 1916, 1917 సంవత్సరములలో వరుసగా మూడుమార్లు గెలిచెను.

1925 జనవరిలో నోమ్‌లోని పిల్లలకు గొంతువాపు రోగము, అనగా డిఫ్తీరియా, సోకినది. పట్టణమునకంతకు వైద్యుడు కర్టిస్ వెల్ష్ ఒక్కడే. ఆయనవద్ద పనికివచ్చు మందు లేదు. రేవు గడ్డకట్టియుండెను. ఆ చలిలో అప్పటి విమానములను నమ్మి మందు పంపుటకు అధికారులు సాహసింపలేదు. మందును రైలుమీద నెనానా వరకు చేర్చిరి. అక్కడినుండి నోమ్‌నకు 674 మైళ్లు, అనగా రమారమి 1,085 కిలోమీటర్లు. తపాలాబండ్లకు ఆ దారి దాదాపు 25 దినముల ప్రయాణము. జనవరి 27వ తేది రాత్రి మొదలిడి 20 మంది తోలువారు, రమారమి 150 కుక్కలు, ఒకరి చేతినుండి మరియొకరు అందుకొనుచు ఆ మందును ఐదున్నర దినములలో చేర్చిరి. వారిలో పెక్కురు ఆ దేశపు ఆదివాసులు. సెప్పలా మందును అందుకొని 91 మైళ్లు మోసెను. దానిని కలిసికొనుటకు ఎదురుపోయిన దూరమును కలిపినచో ఆయన బండి నడచినది 260 మైళ్లకు మించును. ఆ బండికి ముందునడచినది టోగో అను పండ్రెండేండ్ల ముసలి కుక్క. పగుళ్లువారుచున్న సముద్రపు మంచుమీదుగా, చీకటిలో, తుపానులో అది దారి తీసెను. ఫిబ్రవరి 2వ తేది తెల్లవారుజామున గున్నర్ కాసెన్ తోలిన జట్టు నోమ్ చేరినది. దాని ముందున్న కుక్క బాల్టో.

బాల్టోకు అదే సంవత్సరము డిసెంబరులో న్యూయార్కులోని ఉద్యానవనమున కంచువిగ్రహము నెలకొల్పిరి. కీర్తి వెంట కష్టములును వచ్చినవి. దానిని, దాని తోటి కుక్కలను లాస్ ఏంజెలెస్‌లో డబ్బు పుచ్చుకొని చూపు వినోదశాలలో కట్టివేసిరి. 1927లో క్లీవ్‌లండు నగరపు ప్రజలును, బడిపిల్లలును విరాళములు పోగుచేసి వాటిని విడిపించి తమ ఊరికి తెచ్చుకొనిరి. 1933లో బాల్టో మరణించిన తరువాత దాని చర్మమును ఆ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రపరచిరి. 2023లో శాస్త్రజ్ఞులు ఆ చర్మమునుండి తీసిన చిన్నముక్కను పరిశీలించి బాల్టో వంశలక్షణములను ప్రకటించిరి. అందులో తోడేలు రక్తపు జాడ గుర్తింపదగినంత లేదు. లోకము సగము తోడేలని భ్రమించిన ఆ వీరశునకము నూటికి నూరుపాళ్లు కుక్కయే.

మరి మనస్సున భేదమేమి? బుడాపెస్టు నగరమున పరిశోధకులు తోడేలు కూనలను కన్నులు తెరువకముందే తెచ్చి, కుక్కపిల్లలవలె చేతులమీద పెంచిరి. తరువాత రెండింటికిని ఒక పరీక్ష పెట్టిరి. మాంసమున్న పెట్టెను తెరువరాకుండ బిగించి వాటి ముందుంచిరి. 2003లో ప్రకటించిన ఫలితము ఇది: తోడేలు ఆ పెట్టెతోనే పెనుగులాడెను. కుక్క కొంతసేపు ప్రయత్నించి, వెనుదిరిగి మనిషి ముఖమువంక చూచెను. 2019లో వేరొక పరిశోధనలో కుక్క కనుబొమను లోపలినుండి పైకెత్తు ఒక చిన్న కండరము తోడేలులో సరిగా ఏర్పడలేదని తేలినది. మన గుండె కరుగునట్లు కుక్క చూచు జాలిచూపునకు ఆ కండరమే సాధనము. ఆ పరిశోధనలో కంటి వెలుపలి కొసను లాగు మరియొక కండరము పరీక్షించిన కుక్కలలో హస్కీకి మాత్రము లేదట. ప్రాచీనమైన వంశము గదా, ఆ ఒక్కచోట పాత చుట్టరికము నిలిచినది. అయినను ముఖ్యమైన భేదము ఆ చూపులోనే యున్నది. తోడేలునకు కష్టము వచ్చినచో తన బలమును, తన కుటుంబమును చూచుకొనును. కుక్క మనవైపు చూచును.

ఈ భేదమును మనిషి ఎట్లు గౌరవించెను? నోమ్‌నకు మందు చేరిన మరుసటి ఏడు, అనగా 1926లో, అమెరికాలోని యెల్లోస్టోన్ రక్షితవనమున మిగిలిన చివరి తోడేలు కూనలను ప్రభుత్వోద్యోగులే చంపిరి. అదే దేశమున, దాదాపు అదే కాలమున, ఒక దాయాదికి కంచువిగ్రహము, మరియొక దాయాదికి మరణము లభించినవి. తోడేళ్లు లేని ఆ వనమున దుప్పులు మితిమీరి లేతచెట్లను మేసివేసినవి. చివరకు 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి తోడేళ్లను తెచ్చి మరల అక్కడ విడిచిపెట్టవలసి వచ్చెను. మనల సేవించుట యొక్కటే బ్రదుకుటకు అర్హత యనుకొన్నంతకాలము మనిషి ఇట్టి పొరపాట్లు చేయుచునే యుండును.

మన దేశమునకును ఈ విచారణతో సంబంధము కలదు. దక్కను మెట్టభూములలోను, అనంతపురము కర్నూలు ప్రాంతములలోను గొఱ్ఱెల కాపరులు ఎరిగిన తోడేలు ఉత్తరదేశపు తోడేలుకంటె చిన్నది, పలుచని బొచ్చు కలది. తూకమున అది ఇంచుమించు హస్కీకి సమానము. కాని దాని వంశము ప్రపంచములోని తోడేళ్లన్నింటిలో అతి ప్రాచీనమైన శాఖలలో నొకటియని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి గట్టి రక్షణ కల్పించినది. దానిని పట్టుట, చంపుట, ఇంట పెంచుట నేరము. అయినను గడ్డిభూములు తరుగుటచే అది ఊరికుక్కల నడుమకు వచ్చిపడుచున్నది. పుణె సమీపమున తోడేలుకును కుక్కకును పుట్టిన సంకరజంతువులున్నట్లు 2023లో శాస్త్రపరీక్షవలన రుజువైనది. వేల ఏండ్లుగా వేరుగా నిలిచిన వంశము ఇట్లు కరిగిపోవునేమో యను భయము ఊరకనే కలుగలేదు. అంతకుముందు నోమ్‌లో కుక్క గుణమును కాపాడినది మనిషి ఎంపిక. ఇక్కడ తోడేలు గుణమును కాపాడవలసినది మనిషి వదలిపెట్టిన గడ్డినేల.

ఇక హస్కీ మాట. మన నగరములలో ముచ్చటపడి దానిని కొనువారున్నారు. నీలికన్నులను చూచి కొందురు; ఆ కన్నుల వెనుక 9,000 సంవత్సరముల పరుగు ఉన్నదని తలపరు. రెండు పొరల బొచ్చుతో, మంచుమీద వేడిని వదలుటకు కొలతగా మలచబడిన ఒళ్లు అది. మే నెలలో హైదరాబాదు మేడమీదనో, విజయవాడ వరండాలోనో గొలుసుతో కట్టివేసినచో అది రొప్పుచు ఊళపెట్టును. అది తోడేలై ఊళపెట్టుట కాదు. తనకు తగిన పనిని, చలిని అడుగుచున్నది. తీరిక, చల్లని వసతి, దినదినము పరుగెత్తించు ఓపిక లేనివారు దానిని తెచ్చుకొనకుండుటయే దానికి చేయు ఉపకారము. మన వాతావరణమునకు అలవడిన వీధికుక్కపిల్లలు ఒక్క పిలుపునకై ప్రతి సందులోను ఎదురుచూచుచునే యున్నవి.

ఇంతవరకు చెప్పినదానిని క్రోడీకరించినచో, తోడేలును హస్కీని వేరుపరచునది తోక వంపుమాత్రమే కాదు, కంటి రంగుమాత్రమే కాదు. ఒకటి మనలను వదలి తన కుటుంబముతో బ్రదుకుటకు పుట్టినది. మరియొకటి మనలను వదలి బ్రదుకుటను మరచిపోయినది. మొదటిదానికి మనము చేయవలసిన మేలు దూరముగా నుండుట. రెండవదానికి చేయవలసిన మేలు, అది వెనుదిరిగి మనవంక చూచినప్పుడు అక్కడ నిలిచియుండుట. ఈ వివేకమును శ్రోతలు తమ పిల్లలకును తెలియజెప్పుదురని ఆశించుచు ఇంతటితో విరమించుచున్నాము.